లోపలికా, బయటికా

బెజవాడలో మా ఇల్లు కొండ వాలులో ఉండేది. వెనకే రాళ్ల క్వారీ. కొండకి మందు పెట్టి పేల్చే ముందు విజిల్ ఊదేవారు. అది వినబడగానే వీధిలో వాళ్లంతా ఇళ్లలోకి ఉరకాలి, లేకపోతే ఎగిరొచ్చే రాళ్లకి తల పగలడం ఖాయం. మా అమ్మయితే పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, తమ్ముణ్ణి చంకనేసుకుని, నా రెక్క పట్టుకుని, చెక్క మంచం కిందికి దూరేది. డెబ్భైల్లో నా చిన్నతనం సగం ఆ మంచం కిందే గడిచిందంటే నమ్మండి.

మందు పేలితే నేల ఒక్కసారి అదిరి ఊరుకుంటుంది. భూకంపం అలా కాదని మా సైన్సు మాస్టారు చెప్పారు. భూమి లోపల రాతిపొర విరిగినప్పుడు రెండు రకాల అలలు బయల్దేరతాయట. మొదటిది, స్టేషన్లో ఇంజను తగిలితే బోగీని బోగీ నెట్టినట్టు, రాతిని ముందుకు తోసుకుంటూ వేగంగా వచ్చేస్తుంది. రెండోది నేలను అడ్డంగా ఊపుతూ వెనక వస్తుంది. ఎంత దూరంలో పుడితే రెండింటికీ మధ్య అంత ఎడం.

"గోడలు కూల్చేది ఆ రెండోదేనమ్మా. మొదటిది తెలియగానే బయటికి పరుగెత్తండి" అన్నారాయన. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు మా పెంకుల కప్పు చూస్తేనే భయం పట్టుకుంది.

ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, వాకిట్లో దండెం మీది బట్టలు తీస్తున్నాను. నాన్న ఉయ్యూరు వెళ్లారు. నేల లోపల్నుంచి గుర్రుమని శబ్దం, అరికాళ్ల కింద చిన్న కుదుపు. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. విజిల్ ఊదలేదు. ఆదివారం క్వారీకి సెలవు కూడానూ. నా పైప్రాణాలు పైనే పోయాయి.

అమ్మ అప్పటికే తమ్ముణ్ణి మంచం కిందికి తోసేసింది.

"లోపలికి రావే, రాళ్లు పడతాయి!"

"ఇది మందు కాదమ్మా, భూకంపం! వాణ్ణి తీసుకుని బయటికి రా!"

"నీక్కాదూ చెప్పేది? లోపలికి రా!"

నాకు ఏడుపొచ్చేసింది. రెండోది వస్తోందని నాకు తెలుసు, ఆవిడకి తెలీదు. లోపలికి మాత్రం అడుగు వెయ్యలేదు. అమ్మ నావంక ఒక్క క్షణం చూసింది. తమ్ముణ్ణి అక్కడే వదిలేసి, పీట నెత్తిన పెట్టుకుని, వంగి బయటికి పరుగెత్తుకొచ్చింది. రావడం రావడమే ఆ పీట నా తల మీద పెట్టి, నా జడ పట్టుకుని గుంజింది.

అప్పుడొచ్చింది రెండోది. నేల పక్కకి జరిగి మళ్లీ వెనక్కొచ్చింది. పెంకులు జారి గుమ్మంలో పడి పగిలాయి. లోపల తమ్ముడు గుక్కపట్టాడు. మాస్టారూ లేదు, పాఠమూ లేదు, ఇద్దరం లోపలికే పరుగెత్తాం. మంచం కింద దూరి వాడి మీద బోర్లా పడ్డాం. పైన చెక్కల మీద పెంకులు పడుతున్నంతసేపూ కళ్లు మూసుకుని యేసయ్యా, యేసయ్యా అంటూనే ఉన్నాను.

ఊపు ఆగింది. ముగ్గురం బాగానే ఉన్నాం. మంచం కిందినుంచి బయటికి రాగానే అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"నా మాట నమ్మి వచ్చినదానివి, వాణ్ణి లోపలెందుకు వదిలేశావ్?"

అమ్మ తమ్ముడి తల మీది మట్టి దులుపుతోంది.

"నీ మాట ఎవరు నమ్మారే? బయట రాళ్లు పడతాయనే వచ్చాను" అంది.