వాల్వులకు బొట్టు పెట్టిన ఆదివారం

ఎనిమిది నెలల పనిని ఒక్క తడిగుడ్డతో అరగంటలో ఎలా నాశనం చేయవచ్చో తెలుసుకోవాలనుంటే, మీరు సరైన మనిషి దగ్గరికే వచ్చారు. నాకు ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది. కాకినాడలో చదివిన నాలుగేళ్ళూ క్లాసులో మొదటి ర్యాంకు నాదే. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, నేరం ఎంత పెద్దదో మీకు అర్థం కావాలని చెబుతున్నాను.

ఆరేళ్ళ కిందటి మాట. సిడ్నీలో ద పాండ్స్ అనే పేటలో అద్దెకుంటూ, పగలంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, నేను ఇంజినీరునని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని తిరిగేదాన్ని. తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్‌ని ఏ వైపు పట్టుకోవాలో మాత్రం తెలియదు. ఆ రహస్యం కనిపెట్టిన ఏకైక వ్యక్తి దగ్గర్లోనే బ్లాక్‌టౌన్‌లో ఉండే డాక్టర్ అంకుల్. గుంటూరు మనిషి. ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరుగా ఇక్కడే నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఎవరింట్లోనో భోజనాల దగ్గర నా డిగ్రీ సంగతి విని, వాల్వు యాంప్లిఫయర్ గురించి తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. పాఠ్యపుస్తకంలో దాని బొమ్మ చూశాను కాబట్టి అది పూర్తి అబద్ధం కాదు.

వాల్వంటే చిన్న గాజు సీసాలాంటిది. లోపల సన్నని తీగ ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. ట్రాన్సిస్టర్లు రాకముందు సన్నటి శబ్దాన్ని ఇల్లంతా వినిపించేలా పెంచే పని ఈ సీసాలే చేసేవి. అంకుల్ గ్యారేజీలో ఉన్న యాంప్లిఫయర్‌లో అలాంటివి ఏడు ఉండేవి. మనిషి ఒక్కడే ఎత్తాలంటే నడుం పట్టేసేంత బరువు. అంకుల్, ఆయన భార్య వరలక్ష్మి ఆంటీ కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో, పక్కింటి పెద్దాయన తన చేత్తో తయారుచేసుకున్నదాన్ని ఊరు వదిలి వెళ్తూ వీళ్ళకు ఇచ్చి వెళ్ళాడట. ఆంటీ పుట్టింటి నుంచి తెచ్చుకున్న వీణ రికార్డు రోజూ దాన్ని రికార్డు ప్లేయరుకు తగిలించే వినేవారట. ఒకరోజు అది హఠాత్తుగా మూగబోయింది. ఎవరికీ ఇవ్వొద్దు, నేనే బాగుచేస్తానని అంకుల్ ఆంటీకి మాటిచ్చారు. డ్యూటీలు, పిల్లల చదువులు, ఇళ్ళు మారడాలు అన్నీ అయ్యి, ఆ మాట దగ్గరికి రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ దసరాకి ఆ రికార్డు ఆంటీకి మళ్ళీ వినిపించి తీరాలని ఆయన పంతం.

ఆ ఎనిమిది నెలలూ ఆయన పని చూడటం ఒక చదువు. లోపల చెయ్యి పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉండేది. రెండు చేతులూ పెడితే షాకు గుండె గుండా పోతుందని చెప్పేవారు. కరెంటును కాసేపు దాచి ఉంచే కెపాసిటర్ ఎండిపోతే, దాన్ని తీస్తుంటే నిద్రపోతున్న పసిపిల్ల చెవి కమ్మ తీస్తున్నట్టుండేది. తొందర లేదు, విసుగు లేదు. పాతవి నాలుగు వాల్వులు మాడిపోతే, వాటికి బదులు దొరక్క, పాత రేడియోలు పోగేసే వాళ్ళందరికీ ఉత్తరాలు రాసి రాసి సంపాదించారు. నాకు మాత్రం టార్చి పట్టుకునే పని ఇచ్చారు. అదైనా సరిగ్గా పట్టుకున్నానని చెప్పలేను.

దసరా ఆదివారం పడింది. సాయంత్రం నాలుగింటికి పాతికమంది వస్తారు. పొద్దున్నే అంకుల్ పూలకూ గుమ్మడికాయకూ పెండిల్ హిల్‌లోని మనవాళ్ళ కొట్లకు వెళ్తూ, "యాంప్లిఫయర్ పెట్టె మీద డస్ట్ ఉంది, కొంచెం వైప్ చేసెయ్ అమ్మాయ్" అన్నారు.

పెట్టె అన్నారు. పెట్టె మాత్రమే అన్నారు. కానీ అది ఆయుధపూజ రోజు. మా ఇంట్లో ఆ రోజు మా నాన్న స్కూటరు స్పార్క్ ప్లగ్ కూడా విప్పించుకుని, కడిగించుకుని, బొట్టు పెట్టించుకునేది. నేను పైపైన తుడిచి ఊరుకునే రకమా? ఏడు వాల్వులూ పీకాను. అద్దాలు తుడిచే స్ప్రే కొట్టి, తడిగుడ్డతో రుద్ది రుద్ది తళతళలాడించాను. స్టీలు పళ్ళెంలో వరసగా నిలబెట్టి, ఒక్కోదానికీ గంధం, దాని మీద కుంకుమ పెట్టాను. చూసుకుని మురిసిపోయి ఫోటో కూడా తీశాను. తుడవకముందు తీయలేదు, తుడిచాక తీశాను. నా తెలివి అంతే.

అంకుల్ వచ్చి పళ్ళెం చూశారు. ఒక వాల్వు తీసి తిప్పి చూశారు. రెండోది తీశారు. నాలుగోది తీసేసరికి ఆయన కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపారు.

"వీటి మీద నంబర్లేవమ్మా?"

నంబర్లు నా గుడ్డ మీద ఉన్నాయి. పాత వాల్వుల మీద అచ్చువేసిన నంబర్లు వేలితో గట్టిగా రుద్దినా పోతాయని పుస్తకంలో ఎవరూ రాయలేదు. పెద్ద వాల్వులు మూడూ ఆకారం బట్టి తెలిసిపోతాయి. చిన్నవి నాలుగూ కవలపిల్లల్లా ఒకేలా ఉంటాయి. కానీ అందులో రెండు ఒక రకం, రెండు ఇంకో రకం. ఏ సాకెట్లో ఏ రకం ఉండాలో అంకుల్‌కి తెలుసు. ఏది ఏ రకమో ఇప్పుడు దేవుడికి కూడా తెలియదు. ఒక రకాన్ని ఇంకోదాని చోట పెడితే లోపలి తీగ మాడిపోతుందట. మళ్ళీ దొరకవు. లోపలి రేకులు చూసి గుర్తుపట్టొచ్చు గానీ తన కళ్ళకిప్పుడు అంత సన్నం ఆనదన్నారు. నన్ను చూడమన్నారు. నాకు నాలుగూ ఒకేలా కనిపించాయి. ఏడుస్తూ చూస్తే ఏవైనా ఒకేలా కనిపిస్తాయి.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తలుపు వంక చూసి, గొంతు తగ్గించారు.

"స్పృహ లేకుండా వచ్చిన పేషెంట్లని ఎంతమందినో చూశాను. పేరు చెప్పలేనంత మాత్రాన ప్రాణం పోయినట్టు కాదు. ఫ్రీజర్లో ప్లేస్ ఉందేమో చూడు."

కుంకుమ పొడిగుడ్డతో తుడిచి, నాలుగు వాల్వులనూ ఫ్రీజర్లో గోంగూర ప్యాకెట్ పక్కన పడుకోబెట్టాం. అచ్చు ఏళ్ళ తరబడి ఉన్నచోట గాజు మీద మంచు వేరేగా పడుతుందని ఆయన వివరిస్తుండగానే, కొబ్బరి తురుము కోసం ఆంటీ వచ్చి ఫ్రీజరు తలుపు తీశారు.

"ఏంటండీ ఇవి?"

"కూల్ అవ్వాలి. టెన్ మినిట్స్" అన్నారు అంకుల్, ఆపరేషన్ థియేటర్లో మాట్లాడే గొంతుతో.

ఆంటీ నా వేలికున్న కుంకుమ వంక చూసి, కొబ్బరి తీసుకుని వెళ్ళిపోయారు.

పది నిమిషాలకు ఒక వాల్వు తీసి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకున్నారు అంకుల్. తెల్లటి మంచులో నీడలాగా అంకెలు లేచాయి. నేను చదివాను, ఆయన రాసుకున్నారు. రెండోది, మూడోది కూడా వచ్చాయి. నాలుగోదాన్ని నేను మరీ భక్తిగా రుద్దినట్టున్నాను, ఏమీ కనిపించలేదు. మూడు తెలిస్తే నాలుగోది ఏ రకమో లెక్క వేసి చెప్పింది నేనే. నా డిగ్రీ ఆస్ట్రేలియాలో పనికొచ్చిన మొదటి సందర్భం అదే.

నాలుగింటికి అందరూ హాల్లో కూర్చున్నారు. చెమ్మంతా ఆరిన వాల్వులు ఒక్కొక్కటే నారింజ రంగుకు తిరిగాయి. రికార్డు మీద ముల్లు దిగింది. చిన్న బుసబుస, ఆ తర్వాత వీణ. ఆ నాదం గోడల్లోంచి కాదు, మనిషి పక్కన కూర్చుని వాయిస్తున్నట్టు వచ్చింది. ఆంటీ గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. అంకుల్ ఆవిడనే చూస్తున్నారు. అంత ఓపికగల మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నాకు సంతోషంతో, సిగ్గుతో ఒకేసారి ఏడుపొచ్చింది.

తర్వాత వంటింట్లో ఆంటీ నన్ను పక్కకు లాగారు. నా నేరం ఒప్పుకుందామని నోరు తెరిచాను. ఆవిడ ముందే అందుకున్నారు.

"నాకు తెలుసులే. ముప్పై ఏళ్ళ కిందట దీన్ని పాడుచేసింది నేనే. దసరాకి పసుపు నీళ్ళు చల్లాను, టప్పుమంది. ఈయనకి ఈరోజు వరకూ చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

మాటిచ్చాను. వెళ్ళేటప్పుడు అంకుల్ కారు దాకా వచ్చారు. ఇంత తెలివితక్కువ పని ఇంకెవరూ చేసి ఉండరన్నాను.

"లేదమ్మా. ఫస్ట్ డే మూత తీయగానే లోపలంతా పసుపు మరకలు. మీ ఆంటీకి చెప్పకు, బాధపడుతుంది."

ఆయనకూ మాటిచ్చాను. ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై కరెంటుతో నడిచే ఏ వస్తువునూ తడిగుడ్డతో తాకను, బొట్టు దూరం నుంచే చూపిస్తాను, విప్పే ముందు ఫోటో తీస్తాను. అంకుల్ సంగతి ఆంటీకి గానీ, ఆంటీ సంగతి అంకుల్‌కి గానీ ప్రాణం పోయినా చెప్పను. అందుకే మీకు చెప్పాను.