కడ్డీ కాని కడ్డీ

మా సైన్స్ సారు పోయారని నిన్న పొద్దున అక్క ఫోన్ చేసి చెప్పింది. కాలేజీ స్టాఫ్‌రూంలో ఉన్నాను. ఏడుపు వెంటనే రాలేదు. మొదట గుర్తొచ్చింది ఆయన చేసిన ఒక తప్పు. పోయినవారి తప్పు గురించి రాయొచ్చా అని ఇప్పటికీ సందేహమే. కానీ ఆయన దగ్గర నేను ఎక్కువ నేర్చుకున్నది దానివల్లే.

ఆర్మూర్‌లో మాకు పదో తరగతి చెప్పేటప్పుడు, పుస్తకంలో లేకపోయినా గెలాక్సీల బొమ్మలు చూపించేవారు. కొన్ని సుడి గెలాక్సీల నడుమ నక్షత్రాల పట్టీ ఒకటి అడ్డంగా ఉంటుంది. దాని రెండు కొసల నుంచి సుడి చేతులు మొదలవుతాయి. ఆ పట్టీ పేరు దండం అన్నారో లేదో, వెనక బెంచీలో ఒకడు లేచి "దండం సారూ" అని చేతులు జోడించాడు.

"నీకూ దండమే. కూసో," అన్నారు. తర్వాత మాకు తెలిసిన మాటతో చెప్పారు. "పసుపు పాలిష్ డ్రమ్ము చూసిండ్రు గద. నడుమ ఇనుప ఇరుసు తిరుగుతది. పసుపు కొమ్ములన్నీ దాంతోని తిరుగుతయి. గెలాక్సీ గూడ గట్లనే."

ఎమ్మెస్సీకి వెళ్లాక తెలిసింది, అక్కడ ఇరుసేమీ లేదని. కోలగా సాగిన దారుల్లో తిరిగే నక్షత్రాలు ఒకే వైపు ఒరిగినప్పుడు, వాటి గుంపే దూరానికి కడ్డీలా కనిపిస్తుంది. ఆ రూపం తిరుగుతూ వాయువును నడిమికి తోస్తుంది, అక్కడ కొత్త నక్షత్రాలు పుడతాయి. చుట్టూ పళ్లెంలా పరుచుకున్న నక్షత్రాలను పుట్టిన చోట ఉండనివ్వదు. కొన్నిటిని లోపలికి, కొన్నిటిని బయటికి జరుపుతుంది.

సెలవులకు వచ్చినప్పుడు భయపడుతూనే ఆయనకు చెప్పాను.

"అంటే కొమ్ములే ఇరుసైతయన్నట్టు," అన్నారు. ఆ తర్వాత, "మరి మీ అందరికీ తప్పు చెప్పిన గద బిడ్డా."

మర్నాడు నన్ను వెంటబెట్టుకొని భీమ్‌గల్ బస్సెక్కారు. అప్పుడు దండం పెట్టినవాడు అక్కడ పాలిష్ డ్రమ్ము నడుపుతున్నాడు. కనురెప్పల మీద కూడా పసుపే.

"గింత దూరం వచ్చిండ్రు, ఏమైంది సారూ?"

"నీకు తప్పు చెప్పిన రా. గెలాక్సీ నడుమ ఇరుసు లేదు."

వాడు డ్రమ్ము ఆపి, దాన్నోసారి చూశాడు. "నా దానికైతే ఉన్నది గద?"

"నీ దానికి ఉన్నది. ఫికర్ చెయ్యకు."

"బతికిన. చాయ్ తాగి పోండ్రి."

తిరుగు బస్సులో అడిగాను, వాడికి దాంతో ఏం పని సారూ అని.

"వానికి లేదు. నాకున్నది. చెప్పినోన్ని నేను గద."

ఇప్పుడు నేనూ పాఠం చెప్పేదాన్నే. పోయిన వారం క్లాసులో, సూర్యుడు తాను పుట్టిన దూరంలోనే గెలాక్సీ కేంద్రం చుట్టూ తిరుగుతున్నాడని ధీమాగా చెప్పేశాను. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఆ మాట అంత గట్టిగా చెప్పదగింది కాదని. సూర్యుడు ఇంకా లోపల పుట్టి బయటికి జరిగి ఉండొచ్చు. సిలబస్‌లో లేదు, ఎవరూ అడగరు. ఒప్పుకుంటే రేపటి నుంచి నా మిగతా పాఠాలు నమ్ముతారా? ఆ అనుమానంతోనే నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. అక్క ఫోన్ వచ్చింది సరిగ్గా ఆ క్లాసుకు ముందే.

వెళ్లాను. "పోయిన వారం నేను చెప్పింది తప్పు," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ముందు బెంచీ అమ్మాయి అడిగింది. "మేడం, పేజీ చింపేయాల్నా?"

"వద్దు. గీత కొట్టి, కింద రాసుకోండి."

ఆ అమ్మాయి స్కేలు పెట్టి, నా వాక్యం మీదుగా తిన్నగా గీత గీసింది. గీత కింద నుంచి నా మాటలు ఇంకా చదవడానికి వస్తూనే ఉన్నాయి.