హన్మాండ్లు తెచ్చిన పదకొండు క్యాసెట్లు

సూరత్‌లో ప్లేగు పుట్టిందన్న వార్త 1994 సెప్టెంబరు చివర దమ్మామ్‌లోని మా క్యాంపుకు చేరింది. ఆనాటి పత్రికల కత్తిరింపులు, నోటీసులు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. భారతదేశం నుంచి విమానాలు ఆగిపోవడానికి ముందు, చివరి విమానాల్లో ఒకదానిలో హన్మాండ్లు సెలవు ముగించుకొని వచ్చాడు. అదే అతని నేరమైంది.

అతనిది జగిత్యాల దగ్గరి పల్లె. గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది సెంట్రింగు పనికి వచ్చాడు. అక్షరం రాదు. అయినా మా క్యాంపుకు తపాలా శాఖ అతనే. సెలవు మీద వెళ్ళినప్పుడల్లా టేప్‌రికార్డరు భుజాన వేసుకొని తోటి పనివాళ్ళ ఇళ్ళన్నీ తిరిగేవాడు. వాళ్ళు మాట్లాడుతుంటే మీట నొక్కి పక్కనే కూర్చునేవాడు. ఆసారి పదకొండు క్యాసెట్లు తెచ్చాడు.

సంచి విప్పకముందే క్యాంపు అధికారి ముక్కుకు గుడ్డ కట్టుకొని వచ్చి, హన్మాండ్లును సామాన్ల షెడ్డులో పెట్టి తాళం వేయించాడు. ఇండియా సామానంతా కాల్చమని పైనుంచి ఆజ్ఞ ఉందన్నాడు. ఆ మాటను తెలుగులో రాసి గోడకు అంటించింది టైపిస్టునైన నేనే. కాగితం చూడనిదే ఏదీ నమ్మని నేను, ఆనాడు మూలప్రతి చూపమని అడగలేదు.

డ్రమ్ములో డీజిలు పోశారు. పచ్చడి సీసాలు, ఉత్తరాలు, క్యాసెట్లు అందులో పడ్డాయి. షెడ్డు కిటికీలోంచి హన్మాండ్లు అరిచాడు.

"సార్, అండ్ల రోగం లేదు, మాటలే ఉన్నయి!"

"కిటికీ మూసుకో! నువ్వు తుమ్మితే మేమంత పీనుగులై డబ్బాలల్ల ఇంటికి పోతం," అన్నాడు భూషణం. సెలవుకు ముందుదాకా అతని గదిలోనే పడుకున్నవాడు!

పద్నాలుగు రోజులు గడిచాయి. హన్మాండ్లుకు జ్వరమైనా రాలేదు. ఆ రోజుల్లోనే మా క్యాంపులోని అంజన్నకు టెలిగ్రామ్ వచ్చింది: ఊళ్ళో నోటి క్యాన్సరుతో ఉన్న అతని అన్న స్వామి చనిపోయాడు. పొలం గట్టు తగాదాతో అన్నదమ్ముల మధ్య ఆరేళ్ళుగా మాటల్లేవు. కాలిపోయిన క్యాసెట్లలో ఒకటి స్వామిది.

బయటికి రాగానే హన్మాండ్లు ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్ళ ఇంటివాళ్ళ మాటలు విన్నవి విన్నట్టు అప్పజెప్పాడు. తల్లుల దగ్గుతో సహా. పదిమంది కళ్ళు తుడుచుకొని లేచారు. పదకొండోవాడు అంజన్న.

"మా అన్న ఏమన్నడే?"

"నన్ను అవతలికి పొమ్మన్నడు తమ్మీ. మీట నొక్కి వాకిట్ల నిలవడ్డ."

"ఎంతసేపు మాట్లాడిండు?"

"నేను బీడీ తాగి ఒడగొట్టేదాంక."

"తిట్టిండా?"

"తలుపు దగ్గరికేసుకున్నడు తమ్మీ."

భూషణం ఆగలేకపోయాడు. "ఏదన్న మంచి ముచ్చట చెప్పరాదే, వాని పానం నిమ్మలమైతది!"

"సచ్చినోని నోట్లె నా మాట వెట్టాల్నా?" అన్నాడు హన్మాండ్లు. అంజన్న లేచి వెళ్ళిపోయాడు.

మూడు నెలల తర్వాత కంపెనీ ఫైల్లో, పైనుంచి వచ్చిందన్న ఆ ఆజ్ఞ తాలూకు సర్క్యులర్ దొరికింది. దాని నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఉన్నది మనుషుల రాకపోకల గురించే. సామాను గురించి ఒక్క ముక్క లేదు! కాల్చమన్నది ఒక అధికారి భయం. దాన్ని ఆజ్ఞగా మార్చింది నా చేతిరాత.

హన్మాండ్లుకు అది చదివి వినిపించాను. ఆ తర్వాత కూడా ప్రతి సెలవుకూ టేప్‌రికార్డరు తీసుకెళ్ళాడు. కానీ ఎవరైనా బయటికి వెళ్ళమంటే మీట నొక్కకుండా లేచి వచ్చేవాడట.

ఎందుకని అడిగాను.

"నేను విననిది మొయ్య, సార్."