నీలమ్మ పెట్టిన చుక్క

నేను ఆడిన అబద్ధం రెండే ముక్కలు. ఏళ్ల తరబడి అది గొంతులోనే ఉంది. మింగుడుపడదు, బయటికీ రాదు. ఇంట్లో చెప్పలేదు, స్టాఫ్ రూంలో చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను. ధైర్యం వచ్చి మాత్రం కాదు.

నర్సీపట్నంలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. గ్రాఫులు బాగా నేర్పుతానని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో వింటే నవ్వుతారో, అసహ్యించుకుంటారో. ప్రయోగం చేసి, పట్టిక రాసుకుని, చుక్కలు పెట్టి, ఆ తర్వాత కదా గీత గీయాలి? మేం ముందు గీత గీసేవాళ్లం, పుస్తకంలో ఉన్నట్టు నున్నగా. తర్వాత దాని మీద చుక్కలు కూర్చోబెట్టేవాళ్లం. ఆ చుక్కల్ని చూసి పట్టిక నింపేవాళ్లం. థర్మామీటరు పెట్టెలోంచి తీయక్కర్లేదు. కాలేజీలో నా రికార్డు అలాగే రాశాను, మా సీనియర్లూ అంతే. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ నున్నటి గీతలు చూసి మెచ్చుకుని, సంతకం పెట్టి, టీ తాగి వెళ్లిపోయేవారు. ఇందులో తప్పుందని నాకు అనిపించలేదు. అనిపించలేదా, అనిపించనివ్వలేదా?

ఆ ఏడు తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి ఉండేది. నీలమ్మ అనుకోండి. అసలు పేరు వాడుకునే హక్కు నాకు లేదు. కొండ మీది ఏజెన్సీ పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునేది. ఇక చాలు, ఇంటికి వచ్చేయమని తండ్రి అంటుంటే, సైన్స్ ఫెయిర్ అయ్యేదాకా ఆగమని బతిమాలుకుంది. అందులో నెగ్గితే పదో తరగతి దాకా చదివిస్తానన్నాడట. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను, అది గుర్తుపెట్టుకోండి.

ఫెయిర్ కోసం వాళ్ల ఊరి నుంచి ఆనపకాయ బుర్ర తెచ్చింది. ఎండబెట్టి, లోపలంతా తీసేసి, మూతికి గుడ్డ బిగిస్తారు. పొలానికి అంబలి అందులోనే పట్టుకెళ్తారు. వేడినీళ్లు అందులో పోస్తే బేగి చల్లారతాయా, స్టీలు క్యారేజీలో పోస్తేనా? అదే ఆమె ప్రయోగం. స్కూలు థర్మామీటర్లు అడిగి తీసుకుని, హాస్టల్ వరండాలో కూర్చుని, ఆదివారమంతా చూసి రాసుకుంది. సోమవారం గ్రాఫు కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. బుర్ర తాలూకు చుక్కలు మెల్లగా కిందికి దిగుతూ, ఒక్కచోట మాత్రం దభీమని పడ్డాయి. ఆ పక్కన పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది.

"ఇదేటే, గోతిలో పడ్డట్టు?" అన్నాను.

"అప్పుడు గుడ్డ ఊడిపోనాది మేడం. మల్లీ ఎట్టీసినాను. అదే రాసినాను."

"జడ్జీలు నవ్వుతారు. చెరిపీ. ముందు గీత గీసీ, దాని మీద చుక్కలు పెట్టు."

"చుక్క అక్కడ నేదు కదా మేడం?"

నాకు ఒళ్లు మండింది. నిజం చెబితే ఒళ్లెందుకు మండాలి? పెన్సిల్ లాక్కుని గీత నేనే గీశాను. అంకెలు నేనే చెప్పాను. ఆమె తల వంచుకుని రాసింది.

ఫెయిర్‌లో జడ్జిగా వచ్చినాయన రిటైరైన లెక్చరర్. అందరి గ్రాఫులూ చూసుకుంటూ వచ్చి, మా బల్ల దగ్గర ఆగాడు. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "ఏ థర్మామీటరూ ఇంత బుద్ధిగా నడవదమ్మా. ఈ అంకెలు ఎవరు రాశారు?" అని నీలమ్మను అడిగాడు.

ఆమె నా వైపు చూసింది. నన్ను ఇరికించాలని కాదు. మేడం చెబుతారని.

"నాకు తెలీదండీ. తనే రాసుకొచ్చింది," అన్నాను.

ఆయన తన జాబితాలో నీలమ్మ పేరు అడ్డంగా కొట్టేశాడు. చెరిపేసిన ఆ చుక్క ఉండుంటే ఆయన మెచ్చుకునేవాడని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. మర్నాడు ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు దొంగ లెక్కల వల్ల స్కూలు పరువు పోయిందన్నారు. పేరు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. పిల్లలంతా వెనక్కి తిరిగి ఆమెనే చూశారు. నేను టీచర్ల వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డాను.

దసరా సెలవులకు తండ్రి వచ్చి తీసుకెళ్లాడు. మళ్లీ రాలేదు. ట్రంకుపెట్టె కూడా పట్టుకుపోయిందని వార్డెన్ అంది. మా బస్సు కాంప్లెక్స్ నుంచి కొండ మీదికి రోజూ బస్సులు వెళ్తాయి. ఒక్కసారీ ఎక్కలేదు.

నిజం చెప్పుంటే ఏమయ్యేది? ఉద్యోగం పోయేదా? పోదు. మహా అయితే ఆ పెద్దమనిషి ముఖం చిట్లించేవాడు. నలుగురిలో ఆ కాస్త చిన్నతనం పడలేక ఒక పిల్ల చదువు బలిపెట్టాను. భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. భయం కాదు. ఆమె ఎదురు చెప్పదని నాకు తెలుసు, ఆమె తరఫున వచ్చి అడిగేవాళ్లెవరూ లేరని తెలుసు. పక్కన ఏ కాంట్రాక్టరు గారి అబ్బాయో నిలబడి ఉంటే ఆ మాట నా నోట వచ్చేదా?

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఇప్పుడు నేను పిల్లలకు ఉన్న చుక్కే పెట్టమని చెబుతున్నాను. మొన్న టీచర్ల ట్రైనింగ్‌లో గ్రాఫుల పాఠం నన్నే చెప్పమన్నారు. నేనేం చేశానో తెలుసా? నీలమ్మ కథ చెప్పాను. గుడ్డ ఊడిన సంగతి, పక్కన ఆమె రాసుకున్న మాట, అన్నీ. చెరిపించిన సంగతి తప్ప. చప్పట్లు కొట్టారు. నాతవరం నుంచి వచ్చిన కొత్త టీచరమ్మ కళ్లు తుడుచుకుని, "ఆ పాప ఇప్పుడేం చేస్తోందండీ?" అని అడిగింది.

"పెద్ద చదువు చదువుతోందమ్మా," అన్నాను.

ఆ రెండో అబద్ధమే నన్ను ఇక్కడ కూర్చోబెట్టి రాయిస్తోంది. నీలమ్మ ఇప్పుడెక్కడుందో, అసలు ఎలా ఉందో నాకు తెలీదు. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు. ఇది రాస్తుంటే గుండె కాస్త తేలికపడుతోంది, అందుకూ నా మీద నాకు కోపమే. అయినా ఆ రోజు జడ్జి అడిగినదానికి జవాబు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

ఆ అంకెలు నేనే రాయించానండీ. పిల్ల ఉన్నదే పెట్టింది. నేను చెరిపించాను.