అవతలి గట్టు దాకా పడే లైటు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, ఆటోనగర్‌లో లారీల ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో ఉద్యోగం, చొక్కా జేబులో టెస్టరు. హెడ్‌లైటు బల్బుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల తీగ తెగిందో లేదో చెప్పేసేవాణ్ణి (సగంసార్లు తప్పేది, కానీ నేను చెప్పే తీరు చూసి ఎవరూ ఎదురడిగేవారు కాదు). అప్పట్లో నేను చేసిన ఒక ఘనకార్యం గురించి ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళలోనూ పేరంటాల్లోనూ చాలాసార్లు చెప్పి అందరినీ నవ్వించాను. కాకపోతే ఎప్పుడూ సగం దాకానే చెప్పి ఆపేసేవాణ్ణి. నవ్వొచ్చే భాగం అక్కడితో అయిపోతుంది మరి. ఇవాళ మిగతాది కూడా చెప్పేస్తాను.

మా మేనమామకి బంటుమిల్లి వైపు ఒక రొయ్యల చెరువుండేది. ఆ చెరువుకి అవతలి గట్టు ఆయన స్నేహితుడి చెరువుకి ఇవతలి గట్టు. ఆ స్నేహితుణ్ణి మేమంతా గట్టు బాబాయి అనేవాళ్ళం. ఆయనా మావయ్యా ఒకరినొకరు 'బావా' అని పిలుచుకుంటూ, సాయంత్రం ఒకే ఫ్లాస్కులో టీ తాగుతూ, ఆ మధ్య గట్టు మీదే సగం జీవితం గడిపారు. ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. ఎవరి చెరువులోనైనా జబ్బు అనుమానం వస్తే, పెళ్ళానికంటే ముందు రెండోవాడికి చెప్పాలి. రొయ్యలకి వైరస్ వచ్చిందంటే పక్క చెరువుకి పాకడానికి ఎంతోసేపు పట్టదు. ఒకరోజు ముందు తెలిస్తే రెండోవాడైనా పట్టుబడి చేసుకుని, అంటే ఉన్న రొయ్యల్ని పట్టి అమ్మేసుకుని, బయటపడతాడు. ఈ ఒప్పందం కాగితం మీద రాసుకున్నది కాదు, కాబట్టే ఇద్దరూ దాన్ని అంత గట్టిగా పట్టుకున్నారు.

జబ్బు పడ్డ రొయ్య గట్టు వారకి వచ్చేస్తుంది. అందుకని రోజూ చీకటి పడే వేళకి చెరువు చుట్టూ తిరిగి, నీళ్ళ మీదకి లైటు కొట్టి చూసుకోవాలి. ఆ ఏడాది మావయ్యకి మోకాలి నొప్పి పట్టుకుంది. నాకు ఫోను చేశాడు. "ఒరే అల్లుడూ, నువ్వు లైట్ల కొట్లో కదా ఉంటావు! నాకో మంచి బ్యాటరీ లైటు చూడరా. జేబులో పట్టాలి. వెలుగు మాత్రం అవతలి గట్టు దాకా పోవాలి." జేబులో పట్టడం దేనికంటే, పెద్ద లైటు చేత్తో పట్టుకుని ఎవరైనా గట్టు మీద తచ్చాడారో, తెల్లారేసరికి 'వాళ్ళ చెరువులో ఏదో వచ్చిందంట' అని ఊరంతా పాకిపోతుంది. రొయ్యల రైతు వెతుకుతున్నట్టు కనపడకుండా వెతుక్కోవాలి.

మా కొట్లో దొరికేవన్నీ లారీకి బిగించేవి. ఓనరుగారిని బతిమాలుకుని ఒక సాయంత్రం టార్చిలైట్ల కొట్లుండే గవర్నర్‌పేట వెళ్ళాను. ట్యూబులైట్ల కింద ఏ టార్చిలైటు వెలిగించినా ఎదుటి గోడ మీద ఒకేలాంటి తెల్లటి చుక్క. పెట్టెల మీద మాత్రం ఒక్కోదానికి ఒక్కో దూరం అచ్చేసి ఉంది. "ఇన్ని మీటర్లని రాశారు, కొలిచిందెవరండీ?" అని అడిగాను. రెండు కొట్లవాళ్ళు నన్ను పక్క కొట్టుకి పొమ్మన్నారు. మూడో కొట్టు పెద్దాయన ఓపికున్నవాడు. నాలుగు లైట్లు చేత్తో పట్టుకుని నన్ను మేడ మీదకి తీసుకెళ్ళాడు.

"లోపల అద్దంలా మెరిసే గిన్నె ఉంది చూశారా, అది లోతు తక్కువుంటే వెలుగు పరుచుకుంటుందండి, కాళ్ళ కింద బాగా కనపడుద్ది. లోతెక్కువుంటే సన్నగా పోయి దూరం కొడుద్ది. మీకేది కావాలి?" అన్నాడు.

"రెండూ కావాలండీ."

"అరచేతిలో పట్టేదాంట్లో రెండూ బాగా కుదరవు సార్. ఎంత దూరం చూడాలో చెప్పండి, దాన్నిబట్టి ఇస్తా."

"ఎంత దూరం పోతే అంత," అన్నాను. ఆ పెద్దాయన నా వంక ఒక్క క్షణం చూసి, అన్నిటికంటే పొట్టిగా ఉన్న లైటు నా చేతిలో పెట్టాడు. ఒకసారి నొక్కితే చిన్న వెలుగు, రెండోసారి నొక్కితే పెద్దది, దగ్గర పనికి చిన్నది చాలు, చార్జింగు పెట్టే చోట రబ్బరు మూత సరిగా మూయకపోతే నీళ్ళు పోతాయి అని చెబుతూనే ఉన్నాడు. నేను రెండుసార్లు నొక్కేశాను. రోడ్డుకి అవతల, నాలుగు భవనాల తర్వాత ఉన్న లాడ్జిలో ఎవరో ఒకాయన వరండాలో నిలబడి మొహానికి సబ్బు రాసుకుని గడ్డం గీసుకుంటున్నాడు. "ఎవడ్రా అదీ!" అన్న కేక మా దాకా వచ్చింది. నేనూ ఆ పెద్దాయనా ఒకేసారి పిట్టగోడ వెనక్కి వంగిపోయాం. అంత దూరం నుంచి ఆయన చెవి కింద మిగిలిపోయిన నురుగు కూడా కనపడింది కాబట్టి ఆ లైటే కొన్నాను.

శనివారం బస్సెక్కి వెళ్ళి మావయ్య చేతిలో పెట్టాను. జేబులో వేసుకుని పైనుంచి తట్టి చూసుకుని, "పెన్నంత కూడా బరువు లేదురా!" అని మురిసిపోయాడు. చీకటి పడుతుండగా గట్టు మీదకి వెళ్ళాం. "నీళ్ళ మీదకి కొట్టు, చిన్నగా," అన్నాడు. చిన్న వెలుగులో రొయ్యల కళ్ళు ఎర్రగా మెరిశాయి. గట్టు వార ఒక్కటీ లేదు, అన్నీ లోపలే చురుగ్గా తిరుగుతున్నాయి. "బంగారంలా ఉన్నాయిరా," అన్నాడు మావయ్య. అక్కడితో పని అయిపోయింది. కానీ నేను గవర్నర్‌పేట మేడలెక్కింది చిన్న వెలుగు కోసమా? "ఇది చూడు మావయ్యా," అని రెండోసారి నొక్కాను. వెలుగు మా చెరువు దాటి, మధ్య గట్టు దాటి, బాబాయి చెరువు కూడా దాటేసి, పక్క ఊరి వాటర్ ట్యాంకు మీద పడింది. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు చూపించాను, మేత షెడ్డు చూపించాను, తుమ్మ చెట్ల మీద కొంగలన్నిటినీ లేపాను. మావయ్య "ఆపరా నాయనా, ఆపు!" అంటున్నాడు. అది మెచ్చుకోలనుకున్నాను.

పొద్దున్న టీ తాగకముందే మూడు మోటారుసైకిళ్ళు వాకిట్లో ఆగాయి. "ఏమండీ, వైరసంట కదా?" మావయ్య నవ్వుతూ, "అబ్బే, మా అల్లుడు కొత్త లైటు తెచ్చాడండీ," అన్నాడు. "అలాగే అంటార్లెండి," అన్నారు వాళ్ళు, పరామర్శకి వచ్చిన మొహాలతో. రొయ్యలు కొనే ఏజెంటు పిలవకుండానే వల వేసుకుని దిగాడు. చివరికి గట్టు బాబాయి వచ్చాడు.

"బావా, రాత్రి అంతసేపు వెతికావు. ఏవన్నా ఉందా?"

"ఏం లేదు బావా. ఇవన్నీ వీడి గొప్పలు."

బాబాయి ఆ లైటు తీసుకుని అరచేతిలోకి వెలిగించుకుని చూసి, "ఒరే కుర్రకుంకా, కొంగలకి కూడా నిద్ర లేకుండా చేశావు కదరా!" అని నా నెత్తి మీద మొట్టి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను కథ ఆపేసేది ఇక్కడే.

ఆ పుకారు మాత్రం ఆగలేదు. ఏజెంటు రోజూ వచ్చి రేటు కొంచెం తగ్గించి, "రేపు ఇదీ ఉండదండీ," అనేవాడు. అత్తయ్య భయపడి ఏడ్చింది. నాలుగో రోజున మావయ్య, రొయ్య ఇంకా సైజుకి రాకుండానే, పట్టుబడి చేసేశాడు. ముందురోజు సాయంత్రం మధ్య గట్టు మీద బాబాయికి ఆ మాట చెప్పాడట. "నాకే అనుమానమూ లేదు బావా, ఈ జనంతో వేగలేక పట్టేస్తున్నా," అన్నాడట. "నీకేమన్నా పిచ్చా? ఇంకో పదిహేను రోజులుంటే ఎంత బావుంటుంది! నేనైతే ఉంచుతా," అన్నాడట బాబాయి.

వారం తిరక్కుండానే బాబాయి చెరువుకి నిజంగా వైరస్ వచ్చింది. ఒక పూటలో రొయ్యలన్నీ గట్టు వారకి తేలిపోయాయి. చెరువంతా బ్లీచింగ్ చల్లారు, ఆ వాసన రోడ్డు దాకా వచ్చింది. ఇక ఊరు తన కథ తనే అల్లేసుకుంది. 'వాళ్ళు లైటేసి చూసుకున్నారు, నెమ్మదిగా పట్టేసుకున్నారు, పక్కవాడికి చెప్పలేదు.' ఎంత చక్కగా అతికిందో ఆ మాట! జరిగింది నేను కళ్ళారా చూడకపోతే నేనూ నమ్మేవాణ్ణే. బాబాయి మావయ్య ఇంటికొచ్చి, లోపలికి రాకుండా గుమ్మం ముందు నిలబడ్డాడట. "నీకు కనపడింది బావా. నాకు చెప్పలేదు," అని వెళ్ళిపోయాడట. మావయ్య పిల్లల మీద ఒట్టు పెట్టుకోబోతే ఆగి వినలేదట.

మావయ్య నన్ను రమ్మన్నాడు. "నువ్వు వెళ్ళి చెప్పరా. చేసింది నువ్వు కదా. నువ్వు చెబితే వింటాడు," అన్నాడు. మోకాలి మీద చెయ్యి వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు. అంత పెద్దమనిషి నన్ను బతిమాలుతున్నట్టు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఎండగట్టిన చెరువు పక్కన షెడ్డులో బాబాయి ఒక్కడే ఉన్నాడు. నాకు టీ పోశాడు. నేను అన్నీ చెప్పాను, లాడ్జిలో గడ్డం గీసుకుంటున్నాయన దగ్గర్నుంచి. అక్కడ బాబాయి నవ్వబోయి ఆపుకున్నాడు. అంతా విన్నాక నా గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు.

"నువ్వు అబద్ధం చెప్పట్లేదురా. నాకు తెలుసు," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. "కానీ ఆ వారంలో రెండు రోజులు కూచిపూడిలో పెళ్ళికెళ్ళి నేను అసలు గట్టెక్కలేదు. మీ మావయ్య చెప్పలేదనుకోబట్టే ఇంట్లోవాళ్ళు నాకింత అన్నం పెడుతున్నారు. నేనే చూసుకోలేదని వాళ్ళకెలా చెప్పను?"

గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాను.

"ఏమన్నాడ్రా?" అన్నాడు మావయ్య.

"షెడ్డులో ఎవరూ లేరు మావయ్యా," అన్నాను.

షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డ బాబాయి మా ఇద్దరికీ పట్టపగటి ఎండలో స్పష్టంగా కనపడుతున్నాడు. మావయ్య అటు ఒకసారి చూసి, "సర్లే, ఇంకోసారి వెళ్దువుగాని," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. నిజం చెప్పేస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయని చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎంతోసేపు ఉండదు.