మంకీ క్యాప్ తీసి చూపించాను

పోయిన చలికాలం, అమెరికాలో మేముండే నోవై ఊళ్లో, మా ఇంటి దగ్గరి స్టోర్లో గుమ్మడికాయ బీరు క్లియరెన్స్‌లో సగం ధరకి పెట్టారు. కోడలికి తెలియకుండా ఒక ప్యాక్ పట్టుకుని కౌంటర్‌కి వెళ్లాను. అక్కడి అమ్మాయి ఐడీ అడిగింది! డెబ్బై నాలుగేళ్లవాణ్ణి పట్టుకుని వయసు రుజువు చేయమంటుందా? ఒళ్లు మండి, మంకీ క్యాప్ పీకి బట్టతల చూపించి, "ఇంతకన్నా ఐడీ ఏం కావాలమ్మా?" అని తెలుగులోనే అరిచాను.

వెనక లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తిరిగి చూస్తే మా కోడలు! కుర్రతనంలో మా నాన్నకి దొరికిపోయినప్పటిలాగే, గబుక్కున క్యాప్ తలకి తగిలించుకుని ప్యాక్‌కి అడ్డంగా నిలబడ్డాను.

తను ముందుకొచ్చి లైసెన్స్ చూపించి, "సగం ధరకొస్తుంటే ఒకటే తీసుకున్నారేంటి మామయ్యా? మరి నాకో?" అంది.

ఇన్నేళ్లూ చాటుగా తాగిన వాటికంటే, ఆ సాయంత్రం హాల్లో కూర్చుని, కోడలు వేయించిన పల్లీలతో తాగిన బీరే రుచి. బట్టతలని నమ్మని ఆ కౌంటర్ మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.