ఎవరి పెద్దమ్మకో మా అమ్మ పులిహోర

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఈ జ్ఞాపకంలో ఒక పులిహోర కేరేజీ, ఒక రైలు, మా ఇంటి పరువు ఒకే ఉదయం చేజారిపోతాయి. మూడింటినీ జార్చిన చెయ్యి నాదే. ఆ సమయానికి ఆ చేతిలో ఫోన్ ఉంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో కూర్చుని పోటీ పరీక్షలకు చదువుతున్నానని ఇంట్లో వాళ్లు నమ్ముతున్న రోజులు. నిజానికి నేను రీల్స్ తీసేవాణ్ణి. లోకో షెడ్డు వెనక దిగే సంధ్య, వానకు తడిసిన పట్టాలు, వెళ్లిపోతున్న గూడ్సు బండి చివర ఎర్ర దీపం. వీటికి మెత్తటి సంగీతం తగిలించి వదిలితే, ముక్కూ మొహం తెలియని వాళ్లు చిన్న చిన్న ఎర్ర హృదయాలు పంపేవారు. వాటి కోసం ఎదురుచూస్తూ బొటనవేలితో తెరను పైకి జరుపుతూ ఉంటే, కిటికీ పక్క సీట్లో కూర్చుని రైల్లో పోతున్నట్టే ఉండేది. ఊళ్లు వస్తాయి, పోతాయి, ఎక్కడా దిగక్కర్లేదు. పక్కన టీ చల్లారిపోయేది. అమ్మ ఏదో చెబుతుండేది. నేను ఆ రైల్లోంచే "అచ్ఛా" అనేవాణ్ణి.

మా తాతగారు విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి ఇక్కడికి వచ్చారు. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. చుట్టాలెవరైనా బిలాస్‌పూర్ మీదుగా వెళ్తుంటే ఉత్తినే దాటిపోనివ్వరు. బండి ఆగిన ఆ కాసేపట్లో బోగీ వెతికి పట్టుకుని, వేడి వేడి కేరేజీ చేతిలో పెట్టి, క్షేమసమాచారాలు కిటికీలోంచే కనుక్కుని రావాలి. దిగాల్సిన ఊరు కాస్త దూరంలోనే ఉందనీ, అక్కడ వంట సిద్ధంగా ఉందనీ మీరు వాదించవచ్చు. మా అమ్మ దగ్గర ఆ వాదన ఒకసారి చేసి చూడండి.

అలాంటి అమ్మ, సొంత అక్కకే ఏళ్ల తరబడి కేరేజీ ఇవ్వలేకపోయింది. మా వైపు అక్కని అప్ప అంటారు. ఒక పెళ్లిలో అప్ప చేసిన పులిహోర నోట్లో వేసుకుని, పదిమందిలో అమ్మ "ఉప్పు తగ్గింది" అంది. అంతే. పెద్దమ్మ ఆ రోజు నుంచి మాట మానేసింది. కోర్బాలో ఉన్న కూతురింటికి వెళ్లినప్పుడల్లా మా స్టేషన్ మీదుగానే పోయేది. కిటికీ మూసుకుని మరీ పోయేది.

ఆ చలికాలం, పెద్దమ్మ కూతురు రమప్ప ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మ రేపు విశాఖ బండికొస్తంది. నువ్వొస్తే మాటాడతానంది."

అమ్మ తెల్లవారకుండానే లేచి ఆవ పెట్టి పులిహోర కలిపింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. స్టేషన్ మెట్ల దగ్గర కేరేజీ నాకిచ్చి, "ఒరే, ఎస్ త్రీ బోగీ. అప్ప నల్ల శాలువా కప్పుకుంటాది. నా మోకాళ్లతో ఈ బ్రిడ్జి మెల్లగా ఎక్కాల. నువ్వు ముందెల్లి పట్టుకో. నేనొచ్చీదాకా మాటల్లో పెట్టు" అంది.

"అచ్ఛా," అన్నాను.

ఆ ఉదయాన్ని మీరు చూసి ఉంటే నన్ను సగం క్షమించేవారు. ప్లాట్‌ఫారం నిండా పొగమంచు. దీపాలు కరిగి పసుపు మరకల్లా అయిపోయాయి. బండి చప్పుడు ముందు వచ్చింది, బండి తర్వాత వచ్చింది. ఎవరో కలగని వదిలేసినట్టుంది లోకమంతా. నేను ఫోన్ తీశాను. తెరలో ఒక కిటికీ కనబడింది, ఊచల్లేని ఎమర్జెన్సీ కిటికీ. అందులోంచి గాజులున్న ముడతల చెయ్యి బయటికి చాచి ఉంది. దాని వెనక ముదురు రంగు శాలువా. ఆ చేతి మీద వెలుతురు ఎలా పడిందని! బోగీ నంబరు చూడాలన్న ఆలోచన నాకు రాలేదు, ఎందుకంటే నంబరు ఫ్రేములో లేదు.

"పెద్దమ్మా, అమ్మ పంపింది," అన్నాను, తెరకేసే చూస్తూ.

చెయ్యి కేరేజీ అందుకుంది. "జుగ్ జుగ్ జీయో బేటా," అంది గొంతు.

ఒక్క దెబ్బకే అంత అందమైన రీల్! బెంచీ మీద కూలబడి, ఏ సంగీతం పెట్టాలా అని వెతికాను. 'మా పెద్దమ్మ చేతికి మా అమ్మ పులిహోర' అని రాసి వదిలాను. మొదటి హృదయం వచ్చేసరికి అమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"అప్ప కనిపించిందిరా?"

"ఇచ్చీసేనమ్మా."

"ఏటంది?"

"దీవించింది."

అమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. "ఏటని దీవించిందిరా?"

"జుగ్ జుగ్ జీయో అంది."

అమ్మ కళ్లు తుడుచుకోవడం ఆపింది. "అప్పకి హిందీ ముక్క రాదు కదరా!"

పరిగెత్తాను. ఎమర్జెన్సీ కిటికీలో ఒక ఛత్తీస్‌గఢీ ముసలావిడ అప్పటికే సగం గిన్నె ఖాళీ చేసింది. స్టేషన్లో ఎవరో పుణ్యాత్ములు భోజనాలు పంచుతున్నారనుకుందట, నన్ను మళ్లీ దీవించింది. ఈలోగా బండి కదిలింది. ఒక బోగీ దాటింది, ఇంకో బోగీ దాటింది. ఎస్ త్రీ కిటికీలో నల్ల శాలువా. పెద్దమ్మ ఖాళీ చేతులతో నిలబడ్డ అమ్మని చూసింది. అమ్మ చెయ్యి సగం ఎత్తింది. పెద్దమ్మ ముఖం తిప్పుకుంది.

అమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మోకాళ్లు పట్టుకుని మళ్లీ ఆ బ్రిడ్జి ఎక్కింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నానికి రమప్ప ఫోన్. "నీ రీల్ భలే ఆడుతోందిరా. అమ్మకి కూడా చూపించేను."

"ఏటంది?"

"ఎవరే ఈ పెద్దమ్మ, అంది."

ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పాతేశాను. అమ్మ చూసింది. ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయంటారా? నా బొటనవేలు నా మాట వినలేదు. పేపరు చదువుతుంటే అక్షరాల మీద పైకి జరిగేది. రొట్టె మీద పైకి జరిగేది. ఒకసారి అద్దంలో నా ముఖాన్నే పైకి నెట్టబోయాను. చెయ్యి దానంతటదే డబ్బా మూత దాకా వెళ్లి, అమ్మ దగ్గితే తిరిగొచ్చేది. అప్పుడు అర్థమైంది, నాకు అందం మీద అంత ప్రేమేమీ లేదు. ఎవరో ఒకరు నన్ను చూస్తున్నారా లేదా అని బెంగ, అంతే. ఇంట్లో నన్ను రోజూ చూసే మనిషిని మాత్రం నేను చూడలేదు.

మెల్లగా టీ వేడిగా తాగడం మొదలుపెట్టాను. షెడ్డులో ఇంజన్లు కూసే కూతలో తేడాలు తెలిశాయి. పెద్దమ్మ తిరుగు ప్రయాణం రోజున వంటింటి గుమ్మంలో ఊరికే నిలబడి ఉన్నాను. అమ్మ పులిహోరలో వెయ్యడానికి ఉప్పు అరచేతిలోకి తీసుకుంది, చూసుకుంది, సగం మళ్లీ జాడీలో వేసేసింది.

"అదేటమ్మా?"

"నీకెందుకు? ఎల్లి చెప్పులేసుకో."

సాయంత్రం కోర్బా నుంచి బండి వచ్చింది. ఎండ నీరెండై బోగీల మీద బంగారంలా జారుతోంది. ఈసారి ప్రతి కిటికీలో ముఖాలు చూసుకుంటూ వెళ్లాను. పెద్దమ్మ దొరికింది.

"పెద్దమ్మా!"

"ఎవరు బాబూ మీరు?"

"నేనే పెద్దమ్మా!"

"ఏ పెద్దమ్మ? మీకు రైలుకో పెద్దమ్మ ఉందట కదా, వీడియోలో చూసేను."

ఇంతలో వెనకనుంచి అమ్మ కుంటుకుంటూ వచ్చింది. పెద్దమ్మ తలుపు దగ్గరికి వచ్చి అమ్మని తేరిపార చూసింది.

"ఏటే, ఇలా అయిపోనావు?"

"మోకాళ్లప్పా."

పెద్దమ్మ నా చేతిలోని కేరేజీ అందుకుని, మూత తీసి, ఒక ముద్ద నోట్లో వేసుకుంది. నమిలింది.

"ఉప్పు తగ్గింది," అంది.

"అవునప్పా," అంది అమ్మ. "తగ్గింది."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, మళ్లీ ఏడ్చారు. నీరెండ వాళ్లిద్దరి జుట్టులో చిక్కుకుని ఉంది. నేను తీసిన రీల్స్ అన్నీ కలిపినా దానికి సరిపోవు. గార్డు విజిల్ వేశాడు.

"ఊరికే చూస్తావేట్రా?" అంది పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఇప్పుడు తియ్యి ఫోటో!"

"ఫోన్ బియ్యం డబ్బాలో ఉంది పెద్దమ్మా."

"బియ్యంలో ఏటి చేస్తంది?"

అమ్మ అందుకుంది. "కాయలా మాగెట్టేమప్పా. ఫోన్ని కాదు, వీణ్ణి."

బండి వెళ్లిపోయింది. ఆ ఫోటో ఎవరి దగ్గరా లేదు, నా కళ్లలో తప్ప. కనుక బిలాస్‌పూర్ జంక్షన్లోని సమస్త ప్లాట్‌ఫారాల సాక్షిగా, మా ఇంటి బియ్యం డబ్బా సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: కేరేజీ మోసే చేత్తో ఫోన్ ముట్టను. ఏ పెద్దమ్మకైనా ముందు ముఖం చూస్తాను, తర్వాతే పులిహోర ఇస్తాను. ఈ మాట తప్పితే నన్ను కూడా ఆ బియ్యంలోనే పాతెయ్యండి. కాకపోతే ఉప్పు మాత్రం అమ్మనే వెయ్యనివ్వండి.